తలకిందులుగా పేర్చిన బతుకమ్మ: పిల్లలతో దసరా సబ్బులు

ఎంగిలిపూల బతుకమ్మ నాడు రాత్రి చెరువు దగ్గరి నుంచి తిరిగొస్తుంటే మా చెల్లె బిడ్డ ఆటోలో ఒకటే ఏడుపు. తొమ్మిదేళ్ళ పిల్ల, హైదరాబాద్‌లో అపార్టుమెంటులో పెరుగుతోంది. ఆ రోజు పొద్దున్నుంచి నా పక్కనే కూర్చొని గునుగు కట్టలు కట్టింది, తాంబాళంలో తంగేడు పూలు గుండ్రంగా పేర్చింది, వేళ్ళకు గునుగు రంగు అంటుకుంటే కడుక్కోకుండా వాడకట్టంతా తిరిగి చూపించింది. అంత కష్టపడి చేసినదాన్ని తీసుకుపోయి నీళ్ళలో వదిలేశామని దాని బాధ. "పెద్దమ్మా, ఒక్క బతుకమ్మను ఇంట్లో దాచుకుంటే ఏమైతది?" అని అడిగింది. బతుకమ్మను దాచుకోరు బిడ్డా, సాగనంపుతారు అని చెప్పాను గానీ ఆ మాటతో దాని ఏడుపు ఆగలేదు.

ఆ రాత్రే నాకు సబ్బు ఆలోచన వచ్చింది. రెండేళ్ళుగా మా ఇంట్లోకి కావలసిన సబ్బులు నేనే పోసుకుంటున్నా, కాబట్టి సామాను, చేసే తీరు కొత్త కాదు. కానీ వరసలు వరసలుగా, బతుకమ్మ ఆకారంలో ఎప్పుడూ చేయలేదు. సబ్బు బేస్, అంటే కరిగించి పోసుకోవడానికి తయారుగా అమ్మే సబ్బు, నల్లగొండలో నాకు ఎక్కడా దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాలి. ఆ రాత్రే ఒక కిలో తెల్లది, ఒక కిలో అద్దంలా కనిపించేది ఆర్డర్ పెట్టి, రంగుల కోసం మైకా పొడులు చిన్న చిన్న డబ్బాలు ఏడెనిమిది చెప్పాను. అట్ల బతుకమ్మ నాటికి పార్సిల్ వచ్చింది. మర్నాడు అలిగిన బతుకమ్మ. ఆరో రోజు మన దగ్గర బతుకమ్మ పేర్చరు, ఆడరు. పిల్లలకు పొద్దంతా ఖాళీ. నా ఇద్దరు, చెల్లె పిల్లలు ఇద్దరు, మొత్తం నలుగురు, పెద్దదానికి పదకొండు, చిన్నోడికి ఆరు.

ముందు ఒక మాట చెప్పాలి, ఎందుకంటే సబ్బు ఇంట్లో చేస్తున్నానంటే చాలామంది తల్లులు "అమ్మో, కాస్టిక్ సోడాతోనా, పిల్లలతోనా?" అని భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. నూనెకు కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి మొదటి నుంచి సబ్బు చేసే పద్ధతి పిల్లలు పక్కన ఉండగా అసలు చేయకూడదు, చర్మం మీద పడితే కాలిపోతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. మేం చేసింది అది కాదు. దీన్ని మెల్ట్ అండ్ పోర్ అంటారు, కరిగించి పోయడం. నూనె, సోడా కలిసి సబ్బుగా మారే పని ఫ్యాక్టరీలోనే పూర్తయిపోతుంది, అందులో గ్లిజరిన్ లాంటివి ఇంకాస్త కలిపి, వేడి చేస్తే కరిగేలా, చల్లారితే గట్టిపడేలా తయారుచేసి అమ్ముతారు. మన పనల్లా ముక్కలు కోసి, కరిగించి, రంగూ వాసనా కలిపి పోయడమే. బెల్లం పాకం పట్టి అచ్చుల్లో పోయడం లాంటిదే అనుకోండి, పాకం అంత వేడి కూడా ఉండదు.

అంత వేడి ఉండదు అన్నాను గానీ కాలకుండా ఉండదు. బేస్ 60 డిగ్రీల దగ్గర బాగా కరుగుతుంది, 70 దాటనియ్యకూడదు, మరిగితే తేమ పోయి సాగుతుంది, వాసన మారుతుంది. అంత వేడి సబ్బు చేతి మీద పడితే నీళ్ళలా జారిపోదు, అంటుకుంటుంది. అందుకని మా ఇంట్లో పొయ్యి దగ్గరి పని నాది, బల్ల దగ్గరి పని వాళ్ళది అని ముందే చెప్పేశాను. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి సన్న సెగ మీద పెట్టి, అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టి సబ్బు ముక్కలు వేశాను. కరిగినదాన్ని దించి, 50 డిగ్రీలకు వచ్చాక మూతి ఉన్న చిన్న గిన్నెల్లో పోసి పిల్లల చేతికి ఇచ్చాను. వేడి చూడటానికి వంటకు వాడే థర్మామీటర్ ఉంటే మంచిది. జ్వరం చూసే గాజుది మాత్రం ఇందులో ముంచొద్దు, అది 42 వరకే, పగులుతుంది. ఏదీ లేకపోతే కళ్ళతోనే చూడొచ్చు, గిన్నె అంచున సబ్బు పాల మీద మీగడలా పొర కట్టడం మొదలైతే పోయడానికి తయారైనట్టు.

అచ్చు కోసం నేను ఏమీ కొనలేదు. మన పేపర్ కప్పులే. టీ కప్పు, జ్యూస్ కప్పు, ఏదైనా పైన వెడల్పు, అడుగున సన్నం. బోర్లిస్తే అచ్చం బతుకమ్మ. సబ్బు గట్టిపడ్డాక కాగితం చింపేయడమే, అచ్చులోంచి ఊడిరావడం లేదన్న టెన్షన్ ఉండదు.

ఇక్కడే పిల్లలకు అసలు మజా వచ్చింది. బతుకమ్మను కింద గుమ్మడి ఆకు పరిచి, దాని మీద వరసలు పేర్చుకుంటూ పైకి పోయి చివర్న గౌరమ్మను పెడతాం కదా. కప్పులో చేస్తే అంతా తలకిందులు. ముందు గౌరమ్మను పోయాలి, తర్వాత పైన ఉండే చిన్న వరస, తర్వాత దాని కిందిది, అందరికంటే ఆఖర్న గుమ్మడి ఆకు. మా పెద్దది నోటుబుక్కులో బతుకమ్మ బొమ్మ గీసి, వరసలకు రంగులు వేసి, నంబర్లు రాసి, పుస్తకాన్ని తిప్పి పట్టుకుంది. కింద నుంచి ఆకుపచ్చ, తంగేడు పసుపు, తెల్ల గునుగు, బంతి నారింజ, సీతజడ ముదురు ఎరుపు, మళ్ళీ తెల్ల చామంతి, గోరింట గులాబీ, కట్ల పూల నీలం, పైన గౌరమ్మ. తొమ్మిది. ఏ పువ్వు పక్కన ఏది ఉండాలి అని నలుగురూ గంటసేపు కొట్లాడుకున్నారు, నేను మధ్యలోకి పోలేదు. పూలు పేర్చేటప్పుడు పెద్దవాళ్ళం మేమే తొందరపడి చేసేస్తుంటాం, ఆ కొట్లాట వాళ్ళకు దక్కదు.

గౌరమ్మను పసుపుతోనే చేయాలని మా చెల్లె బిడ్డ పట్టు. పసుపు గౌరమ్మే కదా, మైకా ఎందుకు అంది. సరే అని చిటికెడు పసుపు కరిగిన తెల్ల సబ్బులో వేసి కలిపాను. కలుపుతుండగానే రంగు మారిపోయింది, పసుపు పోయి ఇటుక రంగు లాంటి నారింజ వచ్చింది. పిల్లలు బిత్తరపోయారు. పూజ గదిలోంచి మా అత్తమ్మ వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, "దీనికేంది ఇంత ఆశ్చర్యం, పసుపుకు సున్నం తగిలితే ఎర్రగైతది, కుంకుమ అట్లనే చేస్తరు, పారాణి అట్లనే పెడ్తరు" అని చెప్పింది. అదే సంగతి. సబ్బుకు క్షారగుణం ఉంటుంది, సున్నానికీ ఉంటుంది, పసుపు క్షారం తగిలితే ఎరుపు తిరుగుతుంది. మా పెద్దది లేచి వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి, ఒక చెంచాలో పసుపు నీళ్ళు, సబ్బు నీళ్ళు కలిపి ఎర్రగా చేసి, నిమ్మరసం పిండి మళ్ళీ పసుపు చేసింది. తర్వాత అరగంట సబ్బుల పని ఆగిపోయింది. ఇంట్లో ఉన్న తెల్ల సున్నం, తినే సోడా, చింతపండు పులుసు, మజ్జిగ అన్నీ పసుపు నీళ్ళలో పడ్డాయి. పులుపో క్షారమో రంగు మారి చెప్పే ఇలాంటివాటిని సూచికలంటారు, ఏడో తరగతిలో పాఠంగా వస్తాయి, దానికి ముందే ఆ పాఠం మా వంటింటి గట్టు మీద అయిపోయింది, చెప్పింది మా అత్తమ్మ. ఆమె బడికి పోయింది మూడో తరగతి దాకానే.

గౌరమ్మను అలా నారింజ రంగులోనే ఉంచేశాం. కుంకుమ పెట్టిన గౌరమ్మ అన్నాడు మా చిన్నోడు.

మొదటి రోజు చేసినవి చెడిపోయాయి. తప్పు నాదే. వరస వరసకూ పది పదిహేను నిమిషాలు ఆగలేక, తొందరగా గట్టిపడుతుందని కప్పులు ఫ్రిజ్‌లో పెట్టాను. పైకి బాగానే వచ్చాయి. సాయంత్రం కాగితం చింపితే వరసలన్నీ పళ్ళేలు పేర్చినట్టు దేనికది ఊడి చేతికొచ్చాయి. పైగా ఫ్రిజ్‌లోంచి తీసిన సబ్బుకు చెమట పట్టి తడితడిగా అయింది. "బతుకమ్మ నిజంగనే అలిగింది" అన్నాడు చెల్లె కొడుకు, వాడికి ఏడేళ్ళు. వాడు అంత మాట అన్నాక ఎవరికీ ఏడుపు రాలేదు.

రెండో రోజు, వేపకాయల బతుకమ్మ నాడు, మళ్ళీ మొదలుపెట్టాం. ఇవి వరసల సబ్బు చేసే ప్రతివాళ్ళూ గుర్తుపెట్టుకోవలసినవి కాబట్టి వివరంగా చెప్తాను. కింది వరస పూర్తిగా చల్లబడకూడదు, వేలితో తాకితే వేలు దిగకూడదు గానీ గోరువెచ్చగా ఉండాలి. దాని మీద పుల్లతో సన్న గీతలు గీయాలి, కొత్త సబ్బుకు పట్టు దొరుకుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్ స్ప్రే చేయాలి. మెడికల్ షాపులో దొరుకుతుంది, చిన్న స్ప్రే సీసాలో పోసుకుంటే చాలు. అది కొట్టిన వెంటనే, ఆరిపోక ముందే పై వరస పోయాలి. పోసేది 50, 55 డిగ్రీల మధ్య ఉండాలి, అంతకంటే వేడిగా ఉంటే కిందిదాన్ని కరిగించి రంగులు కలిసిపోతాయి, చల్లగా ఉంటే అతకదు. పోశాక పైన తేలిన బుడగల మీద మళ్ళీ ఒకసారి కొడితే అవి పగిలి నున్నగా వస్తుంది. ఈ స్పిరిట్‌కు మంట అంటుకుంటుంది, పొయ్యికి దూరంగా వేరే గదిలో పెట్టుకోవాలి, స్ప్రే పని పదేళ్ళు దాటిన పిల్లలకే, అదీ మనం పక్కన ఉంటేనే.

రంగుల సంగతి కూడా చెప్పాలి. కిరాణా షాపులో దొరికే తినే రంగు చుక్కలు నేను మొదట్లో వాడేదాన్ని, చూడటానికి ఆ రోజు బాగుంటాయి, వారం తిరిగేసరికి ఎరుపు పక్కనున్న తెలుపులోకి పాకి గీత చెదిరిపోతుంది. ఒకే రంగు సబ్బుకైతే పర్వాలేదు, వరసలకు పనికిరాదు. ఒంటికి వాడదగ్గ మైకా పొడి పాకదు. వాసనకు కిలో బేస్‌కు 10 గ్రాములకు మించి నూనె వేయను, పిల్లల సబ్బుకు అందులో సగమే. అదీ సబ్బులకని అమ్మేదే, అగరుబత్తి నూనె, కొవ్వొత్తుల సెంటు ఒంటికి వాడేవి కావు. కొత్త సబ్బు ఏదైనా ముందు మోచేతి మడత దగ్గర రుద్ది ఒక రోజు చూసి తర్వాతే పిల్లలకు వాడండి. అసలైన తంగేడు రేకులు లోపల పెడదామని కూడా పిల్లలు అడిగారు, రెండు కప్పుల్లో పెట్టి చూపించాను. నాలుగు రోజులకు రేకులు నల్లబడి వాడిపోయిన ఆకుల్లా అయ్యాయి. పచ్చిపూలు, పాలు, పండ్ల గుజ్జు, ఇలాంటివి ఇందులో వేయకపోవడమే మంచిది, కుళ్ళుతాయి.

జ్యూస్ కప్పులో తొమ్మిది వరసలతో పెద్దవి రెండు చేశాం. పైన సన్నగా ఉండే వరసలకు 15 గ్రాముల చొప్పున, కింద వెడల్పు వాటికి 25 దాకా పట్టింది, తూకం పని మా చిన్నోడిది. టీ కప్పుల్లో అయిదు వరసలవి పద్నాలుగు. అలిగి ఊడిపోయిన మొదటి రోజు వరసల్ని పారేయలేదు, మళ్ళీ కరిగిస్తే రంగులన్నీ కలిసి మట్టి రంగు వస్తుంది కాబట్టి అదీ చేయలేదు. సన్న ముక్కలుగా కోసి, అద్దం లాంటి సబ్బులో వేసి గిన్నెల్లో పోశాం. ముగ్గు చల్లినట్టు భలే వచ్చాయి, అన్నిటికంటే ముందు ఇరుగుపొరుగు అడిగినవి అవే.

మగపిల్లలిద్దరికీ బతుకమ్మ వరసల ఓపిక అయిపోయింది. ఒకడు తన ప్లాస్టిక్ డైనోసార్లను సబ్బులో పెట్టాడు. సగం పోసి, పొర కట్టాక బొమ్మ పెట్టి, స్ప్రే కొట్టి, మిగతా సగం పోస్తే బొమ్మ మధ్యలో నిలబడుతుంది. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి ఇలాంటివి ఇవ్వకండి, సబ్బు అరిగి బొమ్మ బయటికొస్తే నోట్లో పెట్టుకుంటారు. ఇంకొకడు పాలపిట్ట కావాలన్నాడు. నీలం సబ్బును పళ్ళెంలో పలచగా పోసి, గట్టిపడ్డాక అట్టముక్క మీద గీసిన పిట్ట బొమ్మ పెట్టి చుట్టూ కోసి, దాన్ని అద్దం సబ్బులో ముంచాం. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మా అత్తమ్మ ఏటా చేన్ల వైపు తీసుకుపోతుంది, కొన్నేళ్ళు కనబడదు. "సబ్బులో చూసినా చూసినట్టే కదా నానమ్మా?" అని వాడి అనుమానం. చూసినట్టే అని ఆమె చెప్పింది.

సబ్బు తయారైందా లేదా అని వెంటనే చేతులు కడుక్కొని చూశారు. నురగ సరిగ్గా రాలేదు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. నాకు తెలుసు ఎందుకో. మా బోరు నీళ్ళు. బకెట్ అంచుకు తెల్లగా చారలు కట్టే నీళ్ళు, అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి సబ్బుతో కలిసి తెల్లటి తునకలుగా విరిగిపోతాయి, నురగకు సబ్బు మిగలదు. మాటల్లో చెప్పకుండా రెండు సీసాలు తెప్పించాను. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో మొన్నటి వానకు డాబా మీద పట్టిన నీళ్ళు, రెండింట్లోనూ చిటికెడు సబ్బు తురుము వేసి ఊపమన్నాను. వాన నీళ్ళ సీసా మూతి దాకా నురగ, బోరు నీళ్ళ సీసాలో విరిగిన పాల లాంటి తునకలు. నల్లా నీళ్ళతో మూడో సీసా వాళ్ళే పెట్టారు, అది మధ్యలో నిలబడింది. కుంకుడుకాయ పులుసు బోరు నీళ్ళలో కూడా బాగానే నురగ ఇస్తుందని మా అత్తమ్మ అంటే అదీ చూశారు, నిజమే. "మన సబ్బు మంచిదే, నీళ్ళే మంచివి కాదు" అని తేల్చింది మా చెల్లె బిడ్డ.

అక్కడ మాత్రం నేను ఆపి ఒక మాట చెప్పాను, నల్లగొండలో పుట్టిన పిల్లలకు చెప్పకుండా వదలకూడని మాట. నురగ వచ్చిన నీళ్ళు తాగడానికి మంచివని అనుకోవద్దు. ఫ్లోరైడ్ వేరు, నురగ రానియ్యని ఈ కాఠిన్యం వేరు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, సబ్బుతో బయటపడదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళూ ఎముకలూ దెబ్బతింటాయి. మా అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు, ఆమె తమ్ముడు నలభై ఏళ్ళకే నడుము వంగిపోయి కర్ర పట్టుకున్నాడు, ఆ తరంలో ఆ ఊళ్ళలో అలాంటివాళ్ళు ప్రతి వాడకట్టులో ఉన్నారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ తయారుచేసి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. మన ఊరి పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది ఈ బాధ వల్లే. మా పిల్లలకు ఇదంతా పాఠంలా చెప్పలేదు, సీసాలు చేతిలో ఉండగా వాళ్ళ తాత సంగతి చెప్పాను, నలుగురూ విన్నారు.

సబ్బుల్ని విప్పిన రోజే ప్లాస్టిక్ ఫిల్మ్‌లో గాలి తగలకుండా చుట్టేశాం. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగేసుకుంటుంది, బయట వదిలేస్తే ఫ్రిజ్‌లో పెట్టకపోయినా చెమట బొట్లు పడతాయి. బొట్లు పడితే సబ్బు పాడైనట్టు కాదు, తుడుచుకొని వాడుకోవచ్చు, కానీ ఇచ్చేటప్పుడు చూడటానికి బాగుండదు. వాడటం మొదలుపెట్టాక కింద నీళ్ళు నిలవని పెట్టెలో పెట్టాలి, లేకపోతే వారంలో కరిగిపోతుంది.

సద్దుల బతుకమ్మ రోజు తొమ్మిది వరసల పెద్దదాన్ని ఒకదాన్ని పిల్లలు అసలు బతుకమ్మ పక్కన పెట్టి ఫొటో తీసుకున్నారు. ఆ రాత్రి పూల బతుకమ్మను నీళ్ళలో వదిలేటప్పుడు చెల్లె బిడ్డ ఏడవలేదు, మలీద ముద్ద తింటూ నిలబడి చూసింది. దసరా నాడు సాయంత్రం జమ్మి పెట్టడానికి పెద్దవాళ్ళ ఇళ్ళకు పోతాం కదా, బంగారం అని జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్ళకు దండం పెట్టి, దాంతో పాటు ఒక్కో చిన్న బతుకమ్మ సబ్బు ఇచ్చి వచ్చారు. పద్నాలుగు ఇళ్ళు తిరిగారు. ఒక ముసలమ్మ దాన్ని తినేదనుకొని వాసన చూసి, సబ్బు అని తెలిశాక కూడా దేవుడి గూట్లో పెట్టుకుంది.

పెద్దవి రెండింటిలో ఒకటి మా అత్తమ్మకు, ఇంకోటి చెల్లె బిడ్డ దాచుకోవడానికి హైదరాబాద్ తీసుకుపోయింది. దాన్ని షోకేసులో పెట్టుకుందట, తమ్ముడిని ముట్టనియ్యడం లేదట. మా అత్తమ్మ మాత్రం పండుగ అయిన మర్నాటి నుంచే వాడటం మొదలుపెట్టింది, అదీ పక్కలకు రుద్దకుండా గౌరమ్మ వైపు నుంచే. ప్రతి ఆదివారం ఆ పిల్ల ఫోన్ చేసి ఏ వరస దాకా వచ్చిందని అడుగుతుంది, ఈమె బాత్రూంలోకి పోయి చూసొచ్చి చెప్తుంది. గౌరమ్మ పోయింది, కట్ల పూలు పోయినయి, గోరింట సగమున్నది అని. మొన్న ఆదివారం చామంతి దగ్గరికి వచ్చిందని చెప్తే అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, "నానమ్మా, అయితే నాది కూడా ఇయ్యాల్టి నుంచి తీస్తా, నీతో పాటు గుమ్మడి ఆకు దాకా రావాలంటే రోజుకు రెండు సార్లు పోసుకోవాలె" అంది.